ఈడ రామయ్య, ఆడ రామయ్య

రెండువేల ఆరు మే నెలలో మా మేనేజరు గణేశ్ సార్ హైదరాబాదు వెళ్ళి, సమాచార భద్రత అనే విషయం మీద రెండు రోజుల శిక్షణ తీసుకుని వచ్చారు. వెళ్ళేటప్పుడు మామూలు మనిషే. వచ్చేటప్పుడు ఒక తోలు సంచి, ఒక లావుపాటి పుస్తకం, మా అందరి మీద అనుమానం వెంట తెచ్చుకున్నారు.

మాది నంద్యాలలో పత్తి విత్తనాల కంపెనీ. నేను అక్కడ కంప్యూటర్ ఆపరేటర్ని, పేరు రూతు. మా కంపెనీ పని ఒక రకంగా పెళ్ళి సంబంధాలు కుదిర్చే పని. ఆళ్లగడ్డ దగ్గరి పల్లెల్లో రైతులకు ఆడ రకం విత్తనం ఒక సంచి, మగ రకం విత్తనం ఒక సంచి ఇస్తాం. రెండూ ఒకే చేలో పెరగాలి. పూత సమయంలో మగ పువ్వు పుప్పొడిని ఆడ పువ్వుకు చేత్తో అద్దితే, ఆ కాయలో పుట్టేదే మేం అమ్ముకునే విత్తనం. ఏ రకానికి ఏ రకాన్ని కట్టబెట్టామన్నది కంపెనీ రహస్యం. అందుకే సంచుల మీద పేరు ఉండదు. ఆడ సంచి మీద ‘ఎ’ అనీ, మగ సంచి మీద ‘బి’ అనీ ఉంటుంది.

గణేశ్ సార్‌ది భీమవరం వైపు. మా దగ్గరికి రాకముందు పన్నెండేళ్ళు బిస్కెట్లు అమ్మారు. బిస్కెట్లలో ఆడా మగా ఉండవు కాబట్టి ఆయనకు మా వ్యవహారం కొత్త. సంగతి తెలిసిన వ్యవసాయాధికారి ఒకాయన ఉండేవాడు గానీ, మార్చిలో ఇంకో కంపెనీకి వెళ్ళిపోయాడు. పోతూ పోతూ తన సెల్‌ఫోన్, అందులోని నలభై మంది రైతుల నంబర్లు కూడా పట్టుకుపోయాడు. ఆ నలభై మందీ ఇప్పుడు వాళ్ళకే పండిస్తున్నారు. దొంగలు పడిన ఆరు నెలలకు కుక్కలు మొరిగినట్టు, హెడ్డాఫీసు అప్పుడు మేల్కొని మా సార్‌ని శిక్షణకు పిలిచింది.

వచ్చిన మర్నాడే నాచేత సర్క్యులర్ టైపు చేయించారు. ఉద్యోగుల సొంత సెల్‌ఫోన్లలో కంపెనీకి చెందిన సమాచారం ఏ రూపంలోనూ ఉండరాదు. సొంత ఫోన్లు గేటు దగ్గర అప్పగించి లోపలికి రావాలి. సొంత ఫోన్లో రైతులతో మాట్లాడినవారు ఉద్యోగంలోంచి తొలగించబడుదురు. కంపెనీ ఫోన్లు త్వరలో ఇవ్వబడును.

ఈ ‘త్వరలో’ అనే మాట మా కంపెనీలో అందరికంటే సీనియరు. ఆఫీసుకు ఉన్నది ఒకే ఒక్క ఫోను. దాన్ని రిసీవరు మాత్రం బయటికి ఉండేలా చెక్కపెట్టెలో పెట్టి తాళం వేసి, తాళంచెవి మేనేజరు జేబులో వేసుకునేవారు. మోగితే ఎత్తొచ్చు, మనం చేయడానికి మాత్రం లేదు. ఫీల్డు మీద తిరిగే వాళ్ళు సొంత డబ్బు పోసి సెల్లులు కొనుక్కున్నది అందుకే. అమ్మ పెట్టదు, అడుక్కు తిననివ్వదు అన్న సామెత ఎవరో ఇలాంటి కొలువు చేసే చెప్పి ఉంటారు.

ఆ సర్క్యులర్ దెబ్బ అందరికంటే ఎక్కువ తగిలింది సుబ్బరాయుడికి. ఆయన మా ఫీల్డు అసిస్టెంటు, పద్నాలుగేళ్ళుగా టెంపరరీ. రోజూ శిరివెళ్ళ మీదుగా బస్సులో ఆళ్లగడ్డ వెళ్ళి, అక్కడి నుంచి చేలగట్ల మీద నడిచి నడిచి మోకాళ్ళు అరగదీసుకున్నాడు. ఈ ఏడు దసరాలోపు పర్మనెంట్ చేసి, గోడౌన్లో కూర్చునే పని ఇస్తామని కంపెనీ మాట ఇచ్చింది. ఆ ఫైలు గణేశ్ సార్ బల్ల మీద సంతకం కోసం పడి ఉంది. సుబ్బరాయుడు ఆఫీసుకు వచ్చినప్పుడల్లా ముందు ఫైలును చూసి, తర్వాత సార్‌ని చూసి దండం పెట్టేవాడు.

“జీతం పెరగాలని గాదు రూతమ్మా” అన్నాడు ఒకసారి నాతో. “కుర్చీ కావాల. చేతుల్లేని కుర్చీ అయినా సరే.”

గేటు దగ్గర ఫోన్లు తీసుకునే పని వాచ్‌మన్ దాదా ఖలందర్‌కు పడింది. ఆయన వాటిని ఒక ప్లాస్టిక్ తట్టలో పేర్చి, మనిషికో టోకెను ఇచ్చేవాడు. తట్టలో ఫోన్లు పొద్దస్తమానం మోగేవి. ఎవరికి ఏం అవసరమో పాపం అని ఆయనే ఎత్తి మాట్లాడేవాడు. ఎవరి భార్య అలిగిందో, ఎవరి చేనుకు పురుగు పట్టిందో, ఏ డీలరు మా సార్‌ని ఏమని తిడుతున్నాడో, వారం తిరిగేసరికి ఆయనకు తెలియనిది లేదు. పది జేబుల్లో చెదిరి ఉన్న రహస్యాలన్నీ ఒకే తట్టలోకి చేరాయి. భద్రత బాగా పెరిగిందని సార్ హెడ్డాఫీసుకు రాశారు.

ఫోన్లలోని నంబర్లను కంప్యూటర్లోకి ఎక్కించి, తర్వాత ఫోన్లలోంచి చెరిపేసే పని నాది. మిగతా వాళ్ళవన్నీ ఒక పూటలో అయిపోయాయి. సుబ్బరాయుడి ఫోనుకు మూడు రోజులు పట్టింది. ఆయన చదివింది ఏడో తరగతి. ఇంగ్లీషు అక్షరాలు కూడబలుక్కుని తెలుగు పేర్లు రాసుకున్నాడు. పల్లెకు పదిమంది రామయ్యలు ఉంటారు కాబట్టి, గుర్తు కోసం ఒక్కొక్కరి ముందు ఏదో ఒకటి తగిలించాడు. ఎద్దు పొడిచిన రామయ్య. కోర్టు రామయ్య. అన్నానికి పిలవని రామయ్య.

“రెండు పొయ్యిల రామయ్య అంటే ఏందన్నా?” అని అడిగాను.

“ఇద్దురు పెండ్లాలమ్మా. ఆ మాట రాస్తే బాగుండదని” అని తల వంచుకున్నాడు.

ఆ తర్వాత వచ్చారు ఈడ రామయ్య, ఆడ రామయ్య. ఆళ్లగడ్డ అవతల ఒక పల్లెను వంక, అంటే చిన్న వాగు, రెండుగా చీలుస్తుంది. రోడ్డు పక్కన ఉన్నవాళ్ళు ఈడ. వంక దాటి ఉన్నవాళ్ళు ఆడ. అంతే సంగతి. ఈడ పోలేరమ్మ, ఆడ దాసరయ్య, ఇలా ఇరవై ముగ్గురు ఈడ వాళ్ళు, పంతొమ్మిది మంది ఆడ వాళ్ళు. మాకు మిగిలిన రైతుల్లో ఎక్కువమంది ఉన్నది ఆ పల్లెలోనే.

జాబితా చూసి గణేశ్ సార్ తలుపు వేసి రమ్మన్నారు.

“చూశావా అమ్మాయ్, ఎంత తెలివిగా రాసుకున్నాడో. ఆడ విత్తనానికి ఎవరు, మగ విత్తనానికి ఎవరు అని గుర్తులు పెట్టుకున్నాడు.”

“కాదు సార్. ఆడ అంటే అక్కడ. మా పక్క అట్లనే అంటాం.”

“అక్కడ అంటే ఎక్కడ?”

“వంకకు ఆడ పక్క సార్.”

“మళ్ళీ ఆడ అంటావేంటి. మరి ఈడ?”

“వంకకు ఈడ పక్క.”

ఆయన నవ్వారు. “శిక్షణలో సరిగ్గా ఇదే చెప్పారు. దొంగ ఎప్పుడూ పెద్ద మాటలు వాడడు, మామూలు మాటల్లోనే దాస్తాడు. ఆడ అంటే ఆడ. ఈడ అంటే ఈడు, మగాడు. ఇంత చిన్న సంగతి నీకు తెలియలేదంటే నువ్వు అమాయకురాలివి. తెలిసి దాస్తున్నావంటే మాత్రం ఆలోచించాల్సిందే.”

ఆ చివరి మాటతో నా నోరు మూతపడింది. మా ఇంట్లో జీతం తెచ్చేది నేనొక్కదాన్నే. సాకు చెప్పడం లేదు, ఉన్నమాట చెబుతున్నాను.

జాబితాకు పాస్‌వర్డ్ పెట్టాలన్నారు. అది నాకు తెలియకూడదట. కానీ ఆయనకు కీబోర్డు మీద అక్షరాలు వెతుక్కోవడానికే పూట పడుతుంది. చివరికి ఆయన చెబుతుంటే నన్ను కళ్ళు మూసుకుని కొట్టమన్నారు. నేను టైపు పరీక్ష హయ్యర్ పాసైన దాన్ని, ఎప్పుడూ కళ్ళు మూసుకునే కొడతాను. చెవులు మూసుకోమని మాత్రం ఆయనకు తట్టలేదు.

తర్వాత ఆయన ఒక పథకం వేశారు. అది పుస్తకంలో ఉందట. ముఖ్యమైన రహస్యాన్ని రెండు ముక్కలు చేసి ఇద్దరి దగ్గర పెట్టాలి, ఒకరి చేతిలో రెండూ ఉండకూడదు. మిగతా పల్లెలకు అప్పటికే సంచులు వెళ్ళిపోయాయి. ఆ ఒక్క పల్లెదే మిగిలింది. కాబట్టి ఆడ వాళ్ళకు అందరికీ ‘ఎ’ సంచులే, ఈడ వాళ్ళకు అందరికీ ‘బి’ సంచులే. ఇక ఏ కంపెనీ వాడొచ్చి ఏ రైతును ఎగరేసుకుపోయినా సగం రహస్యమే దొరుకుతుంది. పెళ్ళికూతుర్ని ఒక ఊళ్ళో, పెళ్ళికొడుకును ఇంకో ఊళ్ళో దాచి, ఈ పెళ్ళి ఎవడు చెడగొడతాడో చూస్తా అన్నట్టుంది ఈ తెలివి.

సుబ్బరాయుడికి తెలిసి పరుగున వచ్చాడు. చేతులు కట్టుకుని చెప్పాడు.

“సార్, రెండూ ఒగ చేన్లోనే ఉండాల. లేకుంటే కాయ కాచినా అది మన ఇత్తనం గాదు.”

“ఇంత వివరంగా నీకెవరు చెప్పారు?”

“ఎవురు చెప్తారు సార్. పద్నాలుగేండ్ల నుంచి అదే పని గదా చేస్తాండేది.”

ఫీల్డు అసిస్టెంటుకు ఉత్పత్తి రహస్యం తెలిసి ఉండటమే పెద్ద లోపమని సార్ పుస్తకంలో రాసుకున్నారు. మళ్ళీ చెప్పేదాకా ఆళ్లగడ్డ వైపు వెళ్ళొద్దని, ఫోను రాత్రిళ్ళు కూడా తట్టలోనే ఉంచాలని, గోడౌన్లో సంచులు సర్దమని సుబ్బరాయుడికి ఆర్డరు వేశారు. కుర్చీ మాత్రం వేయలేదు. సంచులు లారీలో వెళ్ళాయి. దింపినవాడికి కూడా తాను ఏం దింపాడో తెలియదు.

జూన్ మూడో వారంలో ఆళ్లగడ్డ వైపు మంచి వాన పడింది. నల్లరేగడి నేలలో పదును ఉండేది నాలుగైదు రోజులు. ఆ లోపల గింజ పడాలి. దాటితే నేల బిగుసుకుపోతుంది, మళ్ళీ వాన ఎప్పుడో చెప్పలేం. వాన పడిన మూడో రోజు పొద్దున దాదా ఖలందర్ గోడౌన్ దగ్గరికి వచ్చి సుబ్బరాయుణ్ణి పిలిచాడు. స్టాకు రాసుకోవడానికి నేనూ అక్కడే ఉన్నాను.

“సుబ్బన్నా, నీ ఫోను నిన్నట్నుంచి ఒగటే మోగుడు. ఈడోళ్ళకు బి సంచే వచ్చిందంట, ఎ రాలే. ఆడోళ్ళకు ఎ వచ్చిందంట, బి రాలే. రేపు దాటితే పదును పోతాదంట. సుబ్బరాయుడు యాడ పోయినాడని అడుగుతాండారు.”

“నువ్వేం చెప్పినావు?”

“ఉన్నమాటే చెప్పినా. ఫోను ముట్టుకుంటే ఆయన ఉద్యోగం పోతాదని చెప్పినా. పోలేరమ్మంట ఒగామె, అట్లయితే వద్దులేప్పా, మా కోసరం ఉద్యోగం చెడగొట్టుకోవద్దని చెప్పు, మా తిప్పలు మేం పడతాం అనింది.”

ఆమె తిట్టి ఉంటే సుబ్బరాయుడు ఆగిపోయేవాడని నేను ఇప్పటికీ అనుకుంటాను. తిట్లు పడటం ఆయనకు అలవాటే. పోలేరమ్మది గుత్తకు తీసుకున్న మూడెకరాలు. ఆ పల్లెలో నలభై రెండు ఇళ్ళకు ఆ ఏడాది బతుకు ఆ సంచుల్లోనే ఉంది. ఆయన చేతిలోని సంచి కింద పెట్టి గేటు వైపు నడిచాడు. నేను వెనకాలే వెళ్ళాను.

“అన్నా, సార్ లోపలే ఉండాడు. దసరాకు ఇంక మూడు నెల్లే గదా” అన్నాను. “అయినా నంబర్లన్నీ నేను చెరిపేసినా గదా.”

“నువ్వు చెరిపింది ఫోన్లోవే గదమ్మా.”

తట్టలోంచి తన ఫోను తీసుకుని, చూడకుండా నొక్కడం మొదలుపెట్టాడు. ఒక నంబరు, నాలుగు మాటలు, మళ్ళీ ఇంకో నంబరు. “రామయ్యా, ఉండే సంచులన్నీ ఎత్తుకోని మధ్యాన్నానికి చప్టా కాడికి రాండి. ఆడోళ్ళను గూడా రమ్మని చెప్తాండా. మార్చుకోండి. ఎ నాలుగు సాళ్ళు, బి ఒగ సాలు. బేగా కానీండి.” ఇరవై రెండు ఫోన్లు చేశాడు. ఒక్క నంబరు తప్పు పోలేదు. ఆయన మాట్లాడినంత సేపూ దాదా ఖలందర్ ఆఫీసు గుమ్మం వైపు చూస్తూ కాపలా కాశాడు. కంపెనీ ఆయనకు జీతం ఇచ్చేదీ కాపలాకే.

ఆ మధ్యాహ్నం వంక దాటడానికి కట్టిన ఆ చప్టా సంతలా ఉందట. వంక నీళ్ళ తగాదాతో ఆ ఇద్దరు రామయ్యలకూ ఆరేళ్ళుగా మాటల్లేవు. సంచులు మార్చుకోవడానికి ఒకరి ముఖం ఒకరు చూడక తప్పలేదు. మర్నాడు పొద్దుగూకే లోపల ఆ పల్లెలో గింజంతా నేలలో పడింది.

సెప్టెంబరులో పూత చూడటానికి హెడ్డాఫీసు నుంచి ఒక పెద్దమనిషి వచ్చాడు. మమ్మల్నీ వెంటబెట్టుకుని సార్ ఆ పల్లెకు తీసుకెళ్ళారు. చేలు కళకళలాడుతున్నాయి. ఆ పల్లెలో ఒక్క రైతు కూడా పక్క కంపెనీకి పోలేదు. సార్ పథకాన్ని అన్ని బ్రాంచీల్లోనూ పెట్టాలని పెద్దమనిషి అన్నాడు. అంతటితో తిరిగి వస్తే బాగుండేది. సార్‌కు పొగడ్త ఇంకొంచెం కావాలనిపించింది.

“ఈ ఏడు మా పద్ధతి బాగుందా అమ్మా?” అని పోలేరమ్మను అడిగారు.

“ఏం పద్ధతి సార్” అందామె. “ఆ పొద్దు మా సుబ్బరాయుడు ఫోన్ చేసి సంచులు మార్పించకుంటే మా చేన్లు గొడ్డుపోయేటివి గదా. ఆయప్పకు మంచి చెయ్యండి సార్, మీకు పుణ్యం ఉంటాది.”

చేతులు జోడించి మరీ చెప్పింది. ఆమె కోరింది మంచే.

మర్నాడు విచారణ. బల్లకు అటు గణేశ్ సార్, పెద్దమనిషి. ఇటు సుబ్బరాయుడు నిలబడి ఉన్నాడు. మూల కూర్చుని నేను రాసుకుంటున్నాను. ఆడ సంచి ఒక చోట, మగ సంచి ఒక చోట పంపినదెవరని ఎవరూ అడగలేదు. పంట ఎలా నిలిచిందనీ అడగలేదు. అడిగింది ఒక్కటే.

“నీ ఫోన్లో నంబర్లన్నీ మే నెలలోనే చెరిపేశాం. జూన్‌లో ఇంతమందికి ఎలా చేశావు?”

సుబ్బరాయుడు బల్ల మీది తన ఫైలు వైపు చూశాడు. పెద్దమనిషి మెల్లగా నా వైపు తిరిగాడు.

“జాబితా ఈ అమ్మాయి కంప్యూటర్లోనే కదా ఉంది?”

నిజం నాకు తెలుసు, గేటు దగ్గర కళ్ళారా చూశాను. చెబితే ఆయన ఉద్యోగం పోతుంది, చెప్పకపోతే నాది పోతుంది. నేను ఏం చేసి ఉండేదాన్నో నాకు ఇప్పటికీ తెలియదు. తెలుసుకోవాలని కూడా లేదు, భయం.

“రూతమ్మ ఇయ్యలే సార్” అన్నాడు సుబ్బరాయుడు. “నాకు నోటికొచ్చు.”

“ఎన్ని?”

“అన్నీ సార్.”

వాళ్ళు నమ్మలేదు. జాబితా తెరిపించి అడగడం మొదలుపెట్టారు. కోర్టు రామయ్య అన్నారు, చెప్పాడు. ఆడ దాసరయ్య అన్నారు, చెప్పాడు. ఎద్దు పొడిచిన రామయ్య నంబరుతో పాటు, పొడిచింది ఏ కాలికో కూడా చెప్పాడు. గంట గడిచేసరికి పెద్దమనిషి జేబురుమాలు తీసి ముఖం తుడుచుకున్నాడు. ఇంత పెద్ద లీకేజీ ఆయన చదివిన పుస్తకాల్లో లేదు.

“ఫోన్ అయితే గేటు దగ్గర తీసుకుంటాం” అన్నారు గణేశ్ సార్, సుబ్బరాయుడి తలను కొత్తగా చూస్తున్నట్టు చూస్తూ. “ఇది రోజూ లోపలికి వస్తోంది, సాయంత్రం మళ్ళీ బయటికి పోతోంది. తట్టలో పెట్టించడానికి కూడా లేదు.”

“మర్చిపోగలవా?” అన్నాడు పెద్దమనిషి. ఎగతాళిగా కాదు, నిజంగానే అడిగాడు.

“యత్నం చేస్తా సార్” అన్నాడు సుబ్బరాయుడు. గోడౌన్ ఉద్యోగం మీద ఆయనకు ఇంకా ఆశ చావలేదు.

సాయంత్రం సార్ చెబుతుంటే నేను ఆర్డరు టైపు చేశాను. ‘సదరు ఉద్యోగి జ్ఞాపకంలో కంపెనీకి చెందిన నూట ఎనభై ఆరు ఫోన్ నంబర్లు అనుమతి లేకుండా నిల్వ ఉన్నట్టు విచారణలో రుజువైనందునను, వాటిని తొలగించుటకు వీలు లేనందునను, ఉద్యోగినే తొలగించడమైనది.’ ఒక్క అక్షరం తప్పు లేకుండా కొట్టాను. సిగ్గుతో చచ్చిపోతూనే కొట్టాను.

కాగితం సుబ్బరాయుడి చేతికి ఇచ్చింది కూడా నేనే. గుమ్మం దగ్గర నిలబడి, వేలు పెట్టి మెల్లగా చదివాడు. కోప్పడతాడని, కనీసం నన్నొక మాట అంటాడని చూశాను. అంటే నాకు బాగుండేది.

“రూతమ్మా, నూట ఎనభై ఆరు గాదు” అన్నాడు. “రెండు నూర్ల పన్నెండు. సెల్లు కొనకముందువి ఇరవై ఆరు నంబర్లు ఉండాయి, అవి ఫోన్లోకి ఎక్కియ్యనే లే. తప్పు లెక్క మీద సంతకం పెట్టకూడదు గదా. సార్‌ని అడిగి సరిచేసుకోని రా, ఈడనే ఉంటా.”

వెళ్ళి అడిగాను. రికార్డు ఎప్పుడూ కరెక్టుగా ఉండాలన్నారు సార్. రెండు వందల పన్నెండు అని మార్చి, ఇంకో ప్రింటు తీసి తెచ్చి ఇచ్చాను. సుబ్బరాయుడు మళ్ళీ మొదటి నుంచి చివరిదాకా చదివి, ఇప్పుడు అంతా సరిగ్గా ఉందని చెప్పి సంతకం పెట్టాడు.